వీసా ముందు, స్కాలర్‌షిప్ తర్వాత

విదేశీ చదువుకు పెట్టుకునే విద్యార్థి వీసా దరఖాస్తు చాలావరకు మూడు సంగతులు తేల్చుకోవాలని చూస్తుంది. యూనివర్సిటీలో సీటు వచ్చిందా, అక్కడి ఫీజు, తిండి, అద్దె భరించే డబ్బు ఉందా, చదువయ్యాక సొంత దేశానికి తిరిగొస్తారా. సీటుకు అడ్మిషన్ లెటర్ ఉంటుంది. మిగతా రెండింటికీ సాధారణంగా చూపించేది ఆస్తి. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే దారిలో పాల్వంచ దాటాక ఆస్తి అనే మాటకే అర్థం మారిపోతుంది. అక్కడి కోయ, కొండరెడ్డి పిల్లలు విదేశీ చదువుల్లో ఎందుకు కనబడరన్న ప్రశ్నకు జవాబు వెతకాల్సింది ఆ మార్పులోనే.

చలామణిలో ఉన్న జవాబు వేరు. ఖమ్మం కన్సల్టెన్సీ ఆఫీసుల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో, బస్సులో పక్క సీటు కబుర్లలో అది దాదాపు సామెతలా పాతుకుపోయింది. సర్కారు ఇరవై లక్షలు ఊరికే ఇస్తోంది, అయినా ఏజెన్సీ పిల్లలు కదలరు; ఇంగ్లిష్ రాదు, ఇంటర్వ్యూ అంటే భయం, ఇల్లు విడిచి ఉండలేరు అన్నది ఆ మాట. అందులో ముందు సగం నిజాన్ని సగంలో కోసి చెప్పడం. వెనక సగం, చెప్పేవాళ్లకు ఏజెన్సీ తెలియదని చెప్పకనే చెప్పడం.

ముందుగా ఇరవై లక్షలు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం తెలంగాణ ప్రభుత్వం నడుపుతున్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి మంచి పథకమే. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు మించకూడదు. డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి. వయసు 35 దాటకూడదు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షలో నిర్ణీత స్కోరు రావాలి. ఎంపికైతే 20 లక్షల వరకు సాయం, ఒకవైపు విమాన టికెట్, వీసా ఖర్చు. సభల్లో, పత్రికా ప్రకటనల్లో వినబడేది ఇంతవరకే. ఆ డబ్బు చేతికెప్పుడొస్తుందన్న నిబంధన మీద ఎవరి చూపూ నిలవదు. మొదటి విడత, ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపాక వస్తుంది. అమెరికా అయితే ఆ కాగితం ఐ-94. రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాక. విమానం ఎక్కేనాటికి విద్యార్థి ఖాతాలో ఈ పథకం డబ్బు పైసా ఉండదు.

వీసా అడిగేది మాత్రం విమానం ఎక్కకముందు ఉన్న డబ్బు. బ్రిటన్ నిబంధన ప్రకారం మొదటి ఏడాది ఫీజు, దాంతోపాటు తొమ్మిది నెలల వరకు జీవన వ్యయం విద్యార్థి ఖాతాలోనో తల్లిదండ్రుల ఖాతాలోనో వరుసగా 28 రోజులు నిలిచి ఉండాలి. ఒక్కరోజు తగ్గినా ఆ లెక్క చెల్లదు. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన జీవన వ్యయం లెక్క లండన్‌లో నెలకు 1,483 పౌండ్లుగా ఉండేది. తొమ్మిది నెలలకు 13,347 పౌండ్లు, మన డబ్బులో 14, 15 లక్షలు. ఫీజు దీనికి అదనం. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ఫీజు తీసుకోవు గాని, 2024 సెప్టెంబర్ నుంచి 11,904 యూరోలు ముందే ఒక బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. అమెరికాలో యూనివర్సిటీ ఐ-20 పత్రం ఇవ్వాలన్నా మొదటి ఏడాది ఖర్చుకు రుజువు పంపాలి. ఆ పత్రం చేతికొచ్చాకే వీసా స్లాట్ మాట. కెనడా 2024 జనవరిలో జీవన వ్యయం కింద చూపించాల్సిన మొత్తాన్ని 10,000 డాలర్ల నుంచి ఒక్కసారిగా 20,635 డాలర్లకు పెంచింది.

ఇప్పుడు రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. చర్ల మండలంలోని ఒక కోయ కుటుంబం ఓవర్సీస్ విద్యానిధి కోసం తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకుంటుంది. అందులో ఏడాది ఆదాయం 5 లక్షల లోపు అని ఉండాలి. నిజానికి అది అందులో పదో వంతు దాటడమే ఎక్కువ. అదే కుటుంబం అదే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వీసా కోసం ఇంకో కాగితం పెట్టాలి. అందులో పాతిక ముప్పై లక్షలు తమవని, ఎప్పుడంటే అప్పుడు తీయగలమని ఉండాలి. మొదటి కాగితం పేదరికానికి రుజువు, రెండోది కలిమికి. నిజం చెప్పే కుటుంబం ఈ రెండు కాగితాలనూ ఒకే నెలలో తేలేదు. ఈ చిక్కు పథకం రూపంలోనే ఉంది. పిల్లల ఇంగ్లిష్‌కు దీంతో ఏ సంబంధమూ లేదు.

మైదానంలో ఈ చిక్కును భూమి విప్పుతుంది. మధిర, వైరా, సత్తుపల్లి వైపు మధ్యతరగతి రైతు కుటుంబాల్లోనూ రొక్కం 30 లక్షలు ఉండదు. అయినా అక్కడి పిల్లలు వెళ్తున్నారు. పట్టాదారు పాసుపుస్తకం తీసి, ఈసీ తెచ్చి, ఇంజనీరు చేత వాల్యుయేషన్ రాయించి, ఆడిటర్ చేత ఆస్తుల పట్టిక వేయించి బ్యాంకుకు ఇస్తారు. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల వరకు తనఖా అడగరు, 7.5 లక్షల వరకు మరొకరి పూచీ సరిపోతుంది, ఆపైన స్థిరాస్తి తాకట్టు పెట్టాలి. విదేశీ చదువుకు ఏ మూలకూ చాలని మొత్తం దగ్గరే తనఖా లేని దారి ఆగిపోతుంది. పేరున్న యూనివర్సిటీల జాబితాలో సీటొస్తే కొన్ని బ్యాంకులు తనఖా లేకుండా ఎక్కువ ఇస్తాయి, ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలూ ఇస్తాయి. కానీ వాళ్లకు సహ దరఖాస్తుదారు జీతం స్లిప్పులు కావాలి.

అడవి అంచున భూమి ఉంది, కొన్ని కుటుంబాలకు మైదాన రైతు కంటే ఎక్కువే ఉంది. అందులో చాలావరకు అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా భూమి. ఆ చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలైన పంపిణీలో రాష్ట్రమంతటా 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూమికి పట్టాలిచ్చారు. ఆ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఈ హక్కు తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది, కానీ అమ్మకానికి, బదిలీకి వీల్లేదు. అమ్మకం లేని చోట రిజిస్ట్రేషన్ విలువ ఉండదు, అది లేనిదే ఇంజనీరు వాల్యుయేషన్ రాయడు. ఆరెకరాల పత్తి, వరి, ఇప్పచెట్లు వీసా ఫోల్డర్‌లో సున్నాగా మిగిలిపోతాయి.

ఇక్కడే రెండో అపోహ తలెత్తుతుంది. మొదటిదానికంటే ఇది ప్రమాదకరం. సమస్యంతా 1/70 చట్టం వల్లే, దాన్ని ఎత్తేస్తే గిరిజనులూ భూమి తాకట్టు పెట్టి పిల్లల్ని అమెరికా పంపగలరు అని వాదించేవాళ్లున్నారు. ఇలా అనేవాళ్లు ఆ చట్టాన్ని చదివినట్టు లేరు. షెడ్యూల్డ్ ప్రాంత భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. 1970లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వాటిని బిగించి, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చేసింది. అందుకే ఆ పేరు. అయితే అందులోనే ఆ తర్వాత చేర్చిన 3-ఎ సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఏజెన్సీలో భూమిని స్వాధీనం వదలకుండా సహకార సంఘానికో, ప్రభుత్వం ఆమోదించిన బ్యాంకుకో తనఖా పెట్టవచ్చు. బాకీ తీర్చకపోతే బ్యాంకు ఆ భూమిని వేలం వేయవచ్చు. కొనేది మాత్రం గిరిజనులో, పూర్తిగా గిరిజనులే సభ్యులైన సహకార సంఘమో అయి ఉండాలి. అంటే ఆర్‌ఓఎఫ్‌ఆర్ కాని మామూలు పట్టా భూమి తనఖాను ఈ చట్టం ఆపలేదు. వేలంలో ధర పలకదన్న లెక్కతో వెనక్కి తగ్గేది బ్యాంకు. ఆ లెక్క తీర్చడానికి చట్టాన్ని ఎత్తేయడమంటే, ఒక పిల్లవాడి వీసా కోసం ఊరి భూమి మొత్తాన్ని సంతలో పెట్టడమే. షావుకారు బాకీ కింద ఎకరాలకు ఎకరాలు చేతులు మారిన చరిత్ర భద్రాద్రి ఏజెన్సీకి కొత్తది కాదు. ఆ చట్టం పుట్టిందే దానివల్ల.

తిరిగొస్తారన్న రుజువు సంగతికొస్తే విడ్డూరం ఇంకా ముదురుతుంది. అమెరికా వలస చట్టం 214(బి) సెక్షన్ ప్రతి దరఖాస్తుదారునూ అక్కడే ఉండిపోయే మనిషిగా అనుకుని మొదలవుతుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం విద్యార్థిదే. సొంత దేశంతో బంధం ఎంత గట్టిదో చూపించాలి. మామూలుగా ఆ బంధానికి గుర్తుగా ఇల్లు, ప్లాటు, పొలం చూపిస్తారు. ప్లాటు ఫోన్‌లో బేరమాడి అమ్మేసుకోవచ్చు. పొలం తల్లిదండ్రులు అమ్మి, పిల్లల దగ్గరికే వెళ్లిపోవచ్చు. మైదాన జిల్లాల్లో అది రోజూ జరుగుతున్నదే. అమ్ముకునే వీలే లేని భూమి, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు తప్ప ఎవరికీ పోని భూమి ఉన్నది పోడు పట్టాదారుకే. మనిషిని ఊరికి కట్టిపడేసే ఆస్తి అంటూ ఉంటే అదే. వీసా లెక్కల్లో విలువ లేనిదీ అదే.

ఇంగ్లిష్ రాదన్న మాటకు నిబంధనలే జవాబిస్తాయి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా విద్యార్థి వీసాల్లో అత్యధిక భాగం కాగితాల మీదే తేలిపోతాయి. ప్రతి విద్యార్థినీ కిటికీ ముందు నిలబెట్టి మాట్లాడించే పద్ధతి ప్రధానంగా అమెరికాది. ఆ మాటలూ రెండు మూడు నిమిషాలు మించవు. ఏ యూనివర్సిటీ, ఎందుకా కోర్సు, ఖర్చు ఎవరు పెడుతున్నారు. ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరు తెచ్చుకున్న పిల్లకు ఈ మూడు ప్రశ్నలు అర్థం కాకపోవు. మూడో ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు, అంతే. 2023-24లో అమెరికా ప్రపంచవ్యాప్తంగా ఎఫ్-1 విద్యార్థి వీసా దరఖాస్తుల్లో 41 శాతం తిరస్కరించింది. ఆ లక్షల మందీ ఇంగ్లిష్ రానివాళ్లేమీ కారు. ఇక వీసా రావడం అదృష్టమనుకుని చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసే పట్నం పిల్లల భయం ఏజెన్సీ పిల్లల భయం కంటే ఏం తక్కువని?

ఇల్లు విడిచి ఉండలేరన్నది మరీ అన్యాయమైన మాట. ఏజెన్సీలో పిల్లలు ఆశ్రమ పాఠశాలకో గిరిజన గురుకులానికో వెళ్లేది ఆరేడేళ్లకు, మహా అయితే పదేళ్లకు. సెలవుల్లో తప్ప ఇల్లు చూడకుండా పదిహేనేళ్లు హాస్టళ్లలో చదువుకుంటారు. ఇంకో సంగతి. ఇంట్లో కోయ భాష మాట్లాడే పిల్లవాడికి బడిలో చెప్పే తెలుగే పరాయి భాష. పరాయి భాషలో పాఠం వినడం, ఆ భాషలోనే పరీక్ష రాయడం అతనికి ఒకటో తరగతిలోనే అలవాటైపోతుంది. ఖమ్మం కార్పొరేట్ కాలేజీ పిల్లలు ఆ అనుభవాన్ని డాలస్‌లో దిగాక మొదలుపెడతారు.

ఖర్చు లెక్కలోనూ వీసా ఫీజొక్కటే చూస్తే పొరపాటు. అమెరికా అయితే వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ ఫీజు 350 డాలర్లు, ఐఈఎల్‌టీఎస్‌కు 17, 18 వేల రూపాయలు, కోర్సు అడిగితే జీఆర్‌ఈ, రెండు మూడు యూనివర్సిటీల అప్లికేషన్ ఫీజులు, పాస్‌పోర్టుకు 1,500. అంతా కలిపితే లక్ష రూపాయల చుట్టూ తిరుగుతుంది. వీసా రిజెక్టయితే వీసా ఫీజు, పరీక్ష ఫీజులు, అప్లికేషన్ ఫీజులు తిరిగి రావు. ప్రభుత్వం వీసా ఖర్చు ఇస్తుంది గాని, ఎంపికై, వీసా వచ్చి, వెళ్లినవాళ్లకు. భద్రాచలం అడవిలో ఎండాకాలం చేతికి రొక్కం తెచ్చేది తునికాకు. తెల్లారకముందే అడవికి పోయి ఒక్కో ఆకు తెంపి, ఏభై ఆకులు పేర్చి, నారతో కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగిస్తే ఒక కట్ట. కట్టకు మూడు రూపాయలు వేసుకుంటే ఒక్క వీసా ఫీజుకు 5,300 కట్టలు కావాలి. అంటే రెండు లక్షల అరవై అయిదు వేల ఆకులు. ఆ ఫీజు కట్టి, వేలిముద్రలకొకరోజు ఇంటర్వ్యూకొకరోజు హైదరాబాద్ వెళ్లి, 214(బి) తిరస్కరణ స్లిప్పు పట్టుకుని వెనక్కి రావచ్చునని తెలిసిన తండ్రి వెనకాడితే దాన్ని ధైర్యం లేకపోవడం అనకూడదు. అది లెక్క తెలియడం.

ఈ సందులోకి దూరేది ఫండ్స్ చూపించే వ్యాపారం. 28 రోజులకు ఖాతాలో డబ్బు వేసి, వడ్డీ తీసుకుని, గడువయ్యాక తీసేసుకునేవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. అందరూ చేసేదే కదా అన్నది వాళ్ల సమర్థన. బ్రిటన్‌లో మోసపు పత్రాలు బయటపడితే పదేళ్లు తలుపు మూస్తారు. అమెరికా చట్టంలో తప్పుడు సమాచారంతో వీసా కోరినవాళ్లపై నిషేధం జీవితాంతం వెంటాడుతుంది. అయినా ఈ వ్యాపారం అప్పు పుట్టేవాళ్లకే పనికొస్తుంది. ఆస్తి కాగితం లేనివాడికి ఆ 28 రోజుల డబ్బూ ఎవరూ వేయరు. బ్యాంకు నిల్వ చూసి నిజమైన విద్యార్థిని గుర్తుపట్టవచ్చన్న నమ్మకం ఎంత బలహీనమో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు వీధిన పడ్డవాళ్లలో ఎక్కువమంది మన పిల్లలే. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీ కేసులో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలోనూ తెలుగువాళ్లే ఎక్కువ. ఆ వీసాలన్నీ ఒకనాడు కాగితాలు సరిగ్గా ఉన్నాయని ఇచ్చినవే.

సరిహద్దు చిక్కు కూడా ఉంది. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో పట్టణాన్ని తెలంగాణలో ఉంచి, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాకను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఎటపాక పిల్ల భద్రాచలంలో చదువుకోవచ్చు, కానీ ధ్రువపత్రాలకు, ఓవర్సీస్ సాయానికి ఆమె రాష్ట్రం వేరు. ఆంధ్రలో 2022లో తెచ్చిన విధానం సాయాన్ని ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 యూనివర్సిటీలకు పరిమితం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత సల్వాజుడుం గొడవల్లో ఊళ్లు విడిచి ఇటు వచ్చిన గుత్తికోయల పిల్లలకైతే తెలంగాణలో ఎస్టీ గుర్తింపే దొరకడం లేదు. పథకం మాట వాళ్ల దాకా రాదు.

మరో దారి లేదా అంటే ఉంది, ఈ దేశంలోనే నడుస్తోంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఫీజు మొత్తం, అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్ల జీవన భృతి ఇస్తుంది. ఎంపిక లేఖ ముందే చేతికొస్తుంది కాబట్టి వీసాకు అదే రుజువు. కాకపోతే దేశంలోని పది కోట్లకు పైగా ఆదివాసులకు ఏడాదికి 20 మాత్రమే. అందులో కొండరెడ్ల వంటి ఆదిమ తెగలకు మూడు. రాష్ట్రాల్లో చూస్తే జార్ఖండ్ ఉంది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు కెప్టెన్‌గా వెళ్లిన, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా పేరుతో ఆ రాష్ట్రం పెట్టిన పథకం ఫీజూ జీవన వ్యయమూ పూర్తిగా భరిస్తుంది. మొదటి జట్టుగా ఆరుగురు ఆదివాసీ విద్యార్థులు 2021లో బ్రిటన్ వెళ్లారు. వాళ్లెవరి ఊళ్లోనూ భూములకు కోట్ల ధర పలికి ఉండదు.

ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేఖకు వీసా నిబంధనల్లోనే విలువ ఉంది. బ్రిటన్‌లో సొంత దేశపు ప్రభుత్వం ప్రాయోజకత్వం వహిస్తూ ఇచ్చిన లేఖ ఉంటే, అది భరించే మేరకు 28 రోజుల బ్యాంకు నిల్వ చూపించనక్కర్లేదు. ఐ-20 కోసం అమెరికా యూనివర్సిటీలు అడిగే రుజువుల్లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ లేఖ ఒకటి. జర్మనీకైతే 20 లక్షల్లోంచి దాదాపు 12 లక్షలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తే ఏడాది గడిచిపోతుంది. ముందే ఇస్తే డబ్బు పక్కదారి పడుతుందని అధికారులు అనవచ్చు. విద్యార్థి చేతికి ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో సొమ్ము జర్మనీ చేరాక నెలనెలా తప్ప బయటికి రాదు, వీసా రాకపోతే వెనక్కి వచ్చేస్తుంది. ఫీజు నేరుగా యూనివర్సిటీకే కట్టవచ్చు. లేఖకైతే కాగితం ఖర్చు తప్ప ఇంకేమీ లేదు.

ఓవర్సీస్ విద్యానిధి మార్గదర్శకాల్లో మొదటి విడత ల్యాండింగ్ పర్మిట్ అందాక విడుదల చేయాలని ఉన్న చోట, అడ్మిషన్ లెటర్ అందాక విడుదల చేయాలని రాయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, 1/70ను తాకనక్కర్లేదు. సచివాలయంలో ఒక జీవో చాలు.